నీళ్ల మాత్రతో ఇబ్బందిగా ఉంటే: వేళ మార్చాలా, మోతాదు తగ్గించాలా, మందే మార్చాలా?

మా ఇంటి మందుల అరలో రెండు రకాల నీళ్ల మాత్రలు ఉంటాయి. ఒకటి అమ్మది. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టినప్పటి నుంచి ఆమె ఫ్యూరోసెమైడ్ వాడుతోంది. రెండోది నాది, బీపీకి రాసిన క్లోర్‌థాలిడోన్. రెండూ మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులే కాబట్టి ఒకరి అనుభవం ఇంకొకరికి పనికొస్తుందని చాలాకాలం అనుకున్నాను. అమ్మకు కుదిరిన ఉపాయం నాకు ఎందుకూ కొరగాలేదు. నాకు డాక్టరు చెప్పిన సలహాను అమ్మకు అంటగట్టి ఒకసారి ఆమెను ప్రమాదం అంచు దాకా తీసుకెళ్లాను. ఆ సంగతి పొటాషియం దగ్గర చెబుతాను.

నీళ్ల మాత్ర పడనివారు ఎక్కువగా చేసే పని ఒకటుంది. ఎవరికీ చెప్పకుండా మానేయడం. అమ్మా అదే చేసింది. రెండు రోజుల బస్సు ప్రయాణంలో మాటిమాటికీ దిగాల్సి వస్తుందని మాత్రల పట్టీని సంచి అడుగున దాచేసింది. మూడో రోజు పొద్దున చెప్పు పట్టీ పాదానికి ఎక్కలేదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే, వేలిముద్ర పడినచోట గుంత అలాగే ఉండిపోయింది. రాత్రికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంది. మాత్ర మానేస్తే ఏమవుతుందో అప్పటిదాకా ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఏమీ మానకుండానే ఆ ప్రయాణం సాఫీగా సాగే దారి ఒకటి ఉందని కూడా చెప్పలేదు.

మానేయడానికీ భరించడానికీ మధ్య ఇలాంటి దారులు నాలుగైదు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. మీ మాత్ర ఏ రకం? దాన్ని దేనికి రాశారు? మాత్రల పట్టీ వెనక ఉన్న అసలు మందు పేరు చూసుకుని ముందుకు చదవండి.

మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తుంటే

ఇక్కడ ముందుగా చూడాల్సింది వేళ. అయితే అన్ని మాత్రలకూ ఇది పనిచేయదు. ఫ్యూరోసెమైడ్ మింగిన అరగంట నుంచి గంటలో పని మొదలుపెడుతుంది, ఒకటి రెండు గంటల్లో జోరందుకుంటుంది, ఆరు నుంచి ఎనిమిది గంటల్లో చల్లబడుతుంది. అంటే ఇబ్బంది ఎప్పుడు వస్తుందో దాదాపు గడియారం చూసి చెప్పవచ్చు. బయటికి వెళ్లే రోజున పొద్దున్నే కాకుండా ఇంటికి చేరాక మధ్యాహ్నం వేసుకోవచ్చా అని డాక్టరును అడిగితే చాలామందికి సరేననే అంటారు. ఆ రోజు అమ్మ చేయగలిగిందీ ఇదే.

నా క్లోర్‌థాలిడోన్ తీరు వేరు. ఒక మాత్ర ప్రభావం రెండు మూడు రోజుల దాకా ఉంటుంది. పొద్దున వేసుకునేదాన్ని మధ్యాహ్నానికి జరిపి ఏదో సాధించాననుకున్నాను కానీ, దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు. ఈ థయజైడ్ జాతి మందులకు, అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ఇండాపమైడ్, క్లోర్‌థాలిడోన్‌లకు, అన్నిటికన్నా మంచి మందు ఓపిక. మొదటి కొన్ని వారాలు మూత్రం ఎక్కువగా వస్తుంది, తర్వాత శరీరం సర్దుకుంటుంది. బీపీ తగ్గించే గుణం మాత్రం నిలుస్తుంది. నెల తిరిగేసరికి మాత్రకు ముందటికీ అప్పటికీ నాకు తేడా తెలియలేదు. పొటాషియాన్ని పోనివ్వని మరో రకం నీళ్ల మాత్ర స్పైరనోలాక్టోన్ వాడేవారికి ఈ బాధ ఇంకా తక్కువ. అది రోజుల తరబడి మెల్లగా పనిచేసే మందు.

రాత్రిళ్లు లేవాల్సి రావడం మరో సంగతి. రోజుకు రెండుసార్లు ఫ్యూరోసెమైడ్ వేసుకునేవారు రెండో మాత్రను రాత్రి భోజనం దాకా ఆపకూడదు. పడుకునే వేళకు కనీసం ఆరు గంటల ముందు, అంటే మధ్యాహ్నమే వేసుకోవాలి. అయినా నిద్ర చెడుతుంటే మాత్రను తిట్టుకునే ముందు సాయంత్రం పాదాలు చూసుకోండి. పగలంతా కాళ్లలోకి దిగిన నీరు, పడుకోగానే మళ్లీ రక్తంలోకి చేరి మూత్రంగా వస్తుంది. ఇలాంటివారికి పొద్దున వేసే మాత్ర ప్రభావం సాయంత్రానికే అయిపోతుంది, వాపు మాత్రం రాత్రికి మిగులుతుంది. అమ్మ విషయంలో డాక్టరు పొద్దుటి మాత్రను మధ్యాహ్నానికి జరిపారు. సాయంత్రం గంటసేపు కాళ్లు ఎత్తుగా పెట్టుకోమన్నారు. రాత్రికి నాలుగుసార్లు లేచే మనిషి ఒకసారికి వచ్చింది. ‘నీళ్ల మాత్ర పొద్దున్నే వేసుకోవాలి’ అన్నది మంచి నియమమే, అందరికీ వర్తించేది మాత్రం కాదు.

కళ్లు తిరగడం, తూలడం

దీనికి వేళ మార్పు పెద్దగా అక్కరకు రాదు, చూడాల్సింది మోతాదు. ఊరికే ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని చెబితే డాక్టరు చేతికి దొరికేది తక్కువ. బీపీ మిషను ఇంట్లో ఉంటే ఐదు నిమిషాలు కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికీ మూడు నిమిషాలకూ మళ్లీ చూసి రాసిపెట్టండి. పక్కన పట్టుకోవడానికి మనిషో, కుర్చీయో ఉండాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మాత్ర కాస్త ఎక్కువైందనో, ఒంట్లో నీరు మరీ తగ్గిందనో అనుమానించాలి. ఈ కాగితం చూస్తే మీ మాట మీద సందేహం ఉండదు.

బీపీకి వాడేవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. థయజైడ్ జాతి మందుల లాభం చాలావరకు తక్కువ మోతాదులోనే వచ్చేస్తుంది. మోతాదు రెట్టింపు చేస్తే బీపీ ఇంకా తగ్గేది కొద్దిగానే. పొటాషియం పడిపోవడం, యూరిక్ ఆమ్లం పెరగడం మాత్రం ఆ మేరకు ఎక్కువవుతాయి. అందుకే ఒకే మాత్రను పెంచుతూ పోవడం కన్నా, దాన్ని తక్కువలో ఉంచి వేరే జాతి బీపీ మందును జత చేయించుకోవడం నాకు తెలివైన బేరంగా కనిపిస్తుంది. గుండె బలహీనత ఉన్నవారికి లెక్క వేరు. వాపు లేకుండా, ఆయాసం రాకుండా బరువు నిలకడగా ఉంచే కనీస మోతాదు ఏదో అదే సరైన మోతాదు. దాన్ని కనిపెట్టేది బరువు తూచే యంత్రం. అమ్మ రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచుకుని పుస్తకంలో రాస్తుంది. ఒక్క రోజులో కిలోకు పైగా, లేదా వారంలో రెండు కిలోలకు పైగా పెరిగితే ఫోను చేయమన్నారు. అనుకున్న బరువు కన్నా తగ్గుతూ పోతూ కళ్లు తిరుగుతుంటే అప్పుడూ చేయమన్నారు. రెండో మాట చాలామంది మరిచిపోతారు.

ఉప్పు సంగతి కూడా మోతాదు కిందికే వస్తుంది. మాత్ర ప్రభావం తగ్గిన గంటల్లో మూత్రపిండాలు దొరికిన ఉప్పునంతా ఒడిసిపట్టుకుంటాయి. ఆ సమయంలో ఉప్పగా తింటే పొద్దున పోయిన నీరు సాయంత్రానికి తిరిగి వచ్చేస్తుంది. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుతారు, దానితో పాటు దుష్ఫలితాలూ పెరుగుతాయి. పైగా తిన్న ఉప్పు ఎంత ఎక్కువైతే ఈ మాత్రలతో పొటాషియం అంత ఎక్కువగా పోతుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే దాదాపు ఒక చిన్న చెంచాడు. మోతాదు తగ్గించమని అడగదలచుకున్నవారు ముందు రెండు వారాలు ఉప్పు తగ్గించి చూసి ఆ తర్వాత అడిగితే బాగుంటుంది.

పొటాషియం: నింపాలా, పోకుండా ఆపాలా?

పిక్కలు పట్టేయడం, ఒళ్లంతా నీరసం, మలబద్ధకం, గుండె దడ. ఫ్యూరోసెమైడ్, దాని జాతికే చెందిన టోర్సెమైడ్, థయజైడ్ వాడేవారిలో ఇవి కనిపిస్తే ముందు పొటాషియాన్నే అనుమానిస్తారు. అనుమానించడం సరే, పరీక్ష లేకుండా వైద్యం మొదలుపెట్టడం సరికాదు. పిక్కలు వేరే కారణాలతోనూ పడతాయి. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉండాలి. అటు తగ్గినా ఇటు పెరిగినా గుండె లయ దెబ్బతింటుంది.

తగ్గిందని తేలితే మూడు దారులు. తిండితో సరిపెట్టడం, పొటాషియం క్లోరైడ్ మందుగా తీసుకోవడం, పొటాషియాన్ని పోనివ్వని ఇంకో నీళ్ల మాత్రను జత చేయడం.

అరటిపండు తింటే సరిపోతుందన్నది అందరూ చెప్పే మాట. మధ్యరకం అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పెద్దవారికి రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు తిండి ద్వారా అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దీనితో పోలిస్తే ఒక పండు ఏ మూలకు? పైగా ఈ మాత్రలతో పొటాషియంతో పాటు క్లోరైడ్ కూడా పోతుంది, పండ్లలోని పొటాషియానికి క్లోరైడ్ తోడుగా రాదు. కాబట్టి లోటు స్వల్పంగా ఉన్నప్పుడు, లేదా లోటు రాకుండా చూసుకోవడానికి తిండి మంచి దారే. 3కి చేరువగా పడిపోయినప్పుడు పండ్లను నమ్ముకుని కూర్చోవడం నాకు నచ్చదు.

పొటాషియం క్లోరైడ్ త్వరగా నింపుతుంది. దానికీ చిక్కులున్నాయి. సిరప్ రుచి ఘోరం, నీళ్లలో కలిపి తిన్న తర్వాత తాగకపోతే కడుపులో తిప్పుతుంది. మెల్లగా కరిగే మాత్రలను నమలకూడదు, చప్పరించకూడదు. నిటారుగా కూర్చుని నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు. గొంతు దిగకుండా మధ్యలో ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది.

మూడో దారి స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్ లాంటి మందును చేర్చడం. చిల్లుకుండలో నీళ్లు పోస్తూ ఉండటం కన్నా చిల్లు పూడ్చడం మేలు కదా. పొటాషియం మళ్లీ మళ్లీ పడిపోయేవారికి, గుండె బలహీనత ఉన్నవారికి నేను ఈ దారి వైపే మొగ్గుతాను. గుండె బలహీనత ఉన్న చాలామందిలో స్పైరనోలాక్టోన్ ఆయుష్షును కూడా పెంచుతుందని 1999లో వెలువడిన పెద్ద పరిశోధన ఒకటి తేల్చింది. అయితే మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, పేరు చివర ‘ప్రిల్’ అనో ‘సార్టాన్’ అనో ఉండే బీపీ మందులు వాడేవారికి పొటాషియం ఈసారి అటువైపు పెరిగిపోవచ్చు. అందుకే మొదలుపెట్టిన వారానికీ, నెలకూ పొటాషియం పరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. వాటిని ఎగ్గొట్టేవారు ఈ దారి ఎంచుకోకపోవడమే మంచిది.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. నా పొటాషియం 3.3కు పడిపోయినప్పుడు, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడి చూడమని డాక్టరు చెప్పారు. ఇంటిల్లిపాదికీ మంచిదే కదా అని మామూలు ఉప్పు డబ్బా ఖాళీ చేసి అందులో ఈ ఉప్పు పోశాను. అప్పటికి అమ్మకు ఫ్యూరోసెమైడ్‌తో పాటు స్పైరనోలాక్టోన్ కూడా నడుస్తోంది, దానికి తోడు ఒక ప్రిల్ మందు. నెల తర్వాత మామూలు పరీక్షలో ఆమె పొటాషియం 5.9 వచ్చింది. ఆమెకు ఏ లక్షణమూ లేదు, నవ్వుతూ కూర్చుంది. కాగితం చూసిన డాక్టరు మాత్రం నవ్వలేదు. వెంటనే ఈసీజీ తీయించారు. మందుల గురించి అన్నీ అడిగాక చివరికి ‘ఉప్పు ఏది వాడుతున్నారు?’ అన్నారు. ఇప్పుడు మా వంటింట్లో రెండు డబ్బాలు ఉన్నాయి, నా డబ్బా మీద ఎర్ర సిరాతో నా పేరు.

ఎంత పొటాషియం ఇచ్చినా అంకె కదలకపోతే మెగ్నీషియం పరీక్ష చేయించమని అడగండి. అది తగ్గి ఉంటే పొటాషియం నిలవదు.

బేరాలు పనికిరాని చోటు: సోడియం

నీరు పోతోంది కాబట్టి నీళ్లు బాగా తాగాలన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. థయజైడ్ వాడే వృద్ధులకు, ముఖ్యంగా సన్నగా ఉండే స్త్రీలకు, ఇది కీడు చేయవచ్చు. ఈ మందులతో మూత్రంలో సోడియం పోతుంది, పైనుంచి తాగే నీరు మిగిలినదాన్ని మరింత పలచన చేస్తుంది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, నడక తడబడటం, మాట పొంతన లేకపోవడం కనిపిస్తే వయసు మీద పడిందనో, నీరసమనో కొట్టిపారేయకూడదు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోళ్ల కన్నా బాగా తగ్గినవారికి మోతాదు సగం చేద్దాం, వేళ మారుద్దాం అనే బేరాలు ఉండవు. మందు ఆపి వేరే జాతికి మారుస్తారు. ఒకసారి ఇలా జరిగినవారు కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ మందు పేరు చెప్పాలి, ఎందుకంటే మళ్లీ మొదలుపెడితే మళ్లీ పడిపోయే అవకాశం ఎక్కువ.

గుండె బలహీనత ఉన్నవారికి ఎంత నీరు తాగాలో డాక్టరే చెబుతారు. నోరు ఎండిపోతుంటే గ్లాసులకు గ్లాసులు తాగే బదులు గుక్కెడు నీటితో నోరు తడుపుకోవడం, చిన్న మంచుముక్క చప్పరించడం మేలు.

మందే మార్చాల్సి వస్తే

బొటనవేలి కీలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి పుడితే అది యూరిక్ ఆమ్లం కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్ కావచ్చు. థయజైడ్లూ ఫ్యూరోసెమైడ్ జాతీ రెండూ యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి కాబట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి మారినా పెద్ద లాభం లేదు. బీపీకే వాడుతుంటే వేరే జాతి మందు అడగవచ్చు. లోసార్టాన్‌కు యూరిక్ ఆమ్లాన్ని కొంత తగ్గించే గుణం ఉంది. గుండె కోసం వాడుతుంటే నీళ్ల మాత్రను ఉంచి, గౌట్‌కు విడిగా వైద్యం చేయించుకోవాలి.

స్పైరనోలాక్టోన్ వాడే మగవారిలో కొందరికి రొమ్ము ఉబ్బి నొప్పి పుడుతుంది. పైన చెప్పిన 1999 నాటి పరిశోధనలో నూటికి పదిమంది మగవారు ఈ బాధ చెప్పారు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పకుండా మందు మానేసేది ఎక్కువగా దీనికే. ఎప్లెరినోన్‌కు మారితే ఈ బాధ చాలా అరుదు. ఇంత సులువైన మార్పు మరొకటి లేదు, నోరు విప్పడమే కష్టం.

ఫ్యూరోసెమైడ్ ఒక రోజు జోరుగా, ఒక రోజు మందకొడిగా పనిచేస్తోందని కొందరు అంటారు. అది భ్రమ కాదు. మింగిన మందులో సగటున సగమే రక్తంలోకి చేరుతుంది, మనిషిని బట్టి, పూటను బట్టి అది విపరీతంగా మారుతుంది. టోర్సెమైడ్ 80 శాతానికి పైగా చేరుతుంది, పనిలోనూ నిలకడ ఎక్కువ. మరి అందరూ మారిపోవాలా? గుండె బలహీనతతో ఆసుపత్రిలో చేరిన 2,800 మందికి పైగా రోగుల్లో ఈ రెండింటినీ పోల్చిన అమెరికా పరిశోధన 2023లో వెలువడింది. మరణాల్లో తేడా కనిపించలేదు. ఫ్యూరోసెమైడ్‌తో హాయిగా ఉన్నవారు మారనక్కర్లేదు, తీరు నిలకడగా లేక విసిగినవారు మార్పు అడగవచ్చు. మారేటప్పుడు మిల్లీగ్రాముల అంకె మారుతుంది. సాధారణంగా 40 ఫ్యూరోసెమైడ్‌కు 20 టోర్సెమైడ్ సమానంగా లెక్కిస్తారు. పాత పట్టీ ఇంట్లో మిగిలి ఉంటే రెండూ కలిపి వేసుకునే పొరపాటు జరుగుతుంది, దాన్ని ముందే తీసేయండి.

నా మందుకూ ఇలాంటి పోలికే ఉంది. 65 ఏళ్లు దాటిన 13,523 మంది అమెరికా మాజీ సైనికుల్లో క్లోర్‌థాలిడోన్‌నూ హైడ్రోక్లోరోథయజైడ్‌నూ పోల్చి 2022లో ఫలితాలు ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం లాంటివాటిలో తేడా లేదు. పొటాషియం తగ్గడం మాత్రం క్లోర్‌థాలిడోన్‌తో నూటికి 6, రెండోదానితో 4.4. పొటాషియం నన్ను మళ్లీ వేధిస్తే నేను అడిగేది ఆ మార్పే. అయితే ఎండలో ఎక్కువసేపు పనిచేసేవారు ఒకటి గమనించాలి. హైడ్రోక్లోరోథయజైడ్‌ను ఏళ్ల తరబడి వాడితే కొన్ని రకాల చర్మ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఒంటిని కప్పుకోవడం, చర్మం మీద కొత్త మచ్చలు కనిపిస్తే చూపించుకోవడం అవసరం.

కిడ్నీలో కాల్షియం రాళ్లు వచ్చే తత్వం ఉన్నవారికి థయజైడ్ ఒక విధంగా చుట్టమే, మూత్రంలో కాల్షియం పోవడాన్ని తగ్గిస్తుంది. ఫ్యూరోసెమైడ్ అందుకు విరుద్ధం.

ఏ దారి ఎంచుకున్నా వదలకూడనివి

పిక్కల నొప్పికో కీళ్ల నొప్పికో సొంతంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. అవి నీళ్ల మాత్ర పనికి అడ్డుపడతాయి. ప్రిల్ లేదా సార్టాన్ మందు కూడా ఉంటే మూడూ కలిసి మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అతిమధురం ఎక్కువగా ఉండే కషాయాలు పొటాషియాన్ని ఇంకా తగ్గిస్తాయి. మానసిక సమస్యకు లిథియం, గుండెకు డిగాక్సిన్ వాడేవారు నీళ్ల మాత్రలో ఏ మార్పు చేసినా ఆ మందు రాసిన డాక్టరుకు కూడా చెప్పాలి. చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం, స్పృహ తప్పడం, గుండె లయ తప్పినట్లు కొట్టుకోవడం, మూత్రం దాదాపు ఆగిపోవడం వంటివి వస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్ర వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఒంట్లో బాగున్నప్పుడే అడిగి పెట్టుకోవాలి. అమ్మ ఈసారి ప్రయాణానికి వారం ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి మూడు ప్రశ్నలు అడిగింది. బస్సులో ఉన్నప్పుడు ఎప్పుడు వేసుకోవాలి, కడుపు చెడితే ఏది ఆపాలి, ఎంత బరువు పెరిగితే ఫోను చేయాలి. ఆయన మందుల చీటీ వెనకే మూడు వరుసల్లో జవాబులు రాసిచ్చారు. ఆ చీటీని మడిచి మాత్రల డబ్బాలో పెట్టుకుంది. ఈసారి డబ్బా సంచి అడుగున లేదు, పైనే ఉంది.